యొర్దానును సొంత ఊరికి తెచ్చిన చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా

1492 అక్టోబరు 12. క్రిస్టఫర్ కొలంబస్ నౌకలు అట్లాంటిక్ ఆవలి నేలను చూసిన రోజు అది. అదే రోజున ఇటలీలోని టస్కనీ సీమలో, టైబర్ నది ఎగువ లోయలో ఉన్న సాన్‌సెపోల్క్రో అనే చిన్న పట్టణంలో ఒక వృద్ధ చిత్రకారుడు కన్నుమూశారు. ఆయన పేరు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా. పోపుల కొలువులోనూ ప్రభువుల ఆస్థానాల్లోనూ పనిచేసినా, పుట్టిన ఊరితో బంధాన్ని ఆయన ఏనాడూ తెంచుకోలేదు. ఆయన గీసిన క్రీస్తు బాప్తిస్మ చిత్రం నేడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. యొర్దాను నదిలో జరిగిందని సువార్తలు చెప్పే ఆ ఘట్టాన్ని ఆయన తన ఊరి పొలిమేరలో నిలిపి చూపించారు. ఆ నిర్ణయం వెనుక ఒక పట్టణపు విశ్వాసం, ఒక వ్యాపారి కుటుంబపు లెక్కల చదువు, రెండు చర్చిల మధ్య సాగిన ఒక పెద్ద వివాదం కలిసి కనిపిస్తాయి.

తోళ్ల వ్యాపారి ఇంట పుట్టి

పియెరో 1412 - 1420 సంవత్సరాల మధ్య జన్మించారు. తండ్రి బెనెదెత్తోది తోళ్ల వ్యాపారం. తల్లి రొమానా, దగ్గర్లోని మోంటెర్కి గ్రామానికి చెందిన ఆడపడుచు. కళాకారుల జీవితచరిత్రలు రాసిన జార్జో వసారి, తల్లి పేరు ఫ్రాంచెస్కా అనీ, తండ్రి లేని బిడ్డను ఆమె పెంచినందువల్ల ఆ పేరే చిత్రకారునికి వచ్చిందనీ రాశారు. అయితే పాత దస్తావేజులు వేరే విషయం చెబుతాయి. తల్లి పేరు ఫ్రాంచెస్కా కాదు. తండ్రి కూడా కొడుకు పేరు పొందేదాకా జీవించే ఉన్నారు. ఆ పేరు వంశనామం నుంచి వచ్చింది.

వ్యాపారుల పిల్లలకు ఆ రోజుల్లో లెక్కలు తప్పనిసరి. సరుకుల మారకం, భాగస్వాముల మధ్య లాభాల పంపకం, లోహాల మిశ్రమంలో పాళ్లు, పీపాలో పట్టే ద్రవం కొలత వంటివి వారి నిత్యావసరాలు. పియెరో తరువాతి కాలంలో రాసిన వ్యాపార గణిత గ్రంథంలో ఇటువంటి లెక్కలే వరుసగా కనిపిస్తాయి. తెలిసిన మూడు సంఖ్యల సాయంతో తెలియని నాలుగోదాన్ని రాబట్టే సూత్రాన్ని ఆయన అందులో వివరించారు. భారతీయ గణితంలో దాని పేరు త్రైరాశికం. 5వ శతాబ్దం చివర ఆర్యభటుడు చెప్పిన ఆ సూత్రం, భారతీయ అంకెల మాదిరిగానే, అరబ్బు పండితుల ద్వారా మధ్యధరా తీరపు అంగళ్లకు చేరింది. ఇటాలియన్ వర్తకులు దాన్ని నోటిపాఠంగా నేర్చుకున్నారు. ఒక పీపాను చూసి దాని పరిమాణాన్ని అంచనా కట్టగలిగిన కన్నే, తరువాత ఒక మనిషి దేహాన్నీ చెట్టు కాండాన్నీ ఒకే ప్రమాణంలో చూడడం నేర్చుకుంది.

ఒక్క పదంపై చీలిన లోకం

పియెరో ఫ్లోరెన్స్‌లో ఉన్నట్లు చెప్పే తొలి ఆధారం 1439 సెప్టెంబరు నాటిది. అక్కడి సాంత్ ఎజీదియో ఆలయంలో డొమెనికో వెనెజియానో అనే చిత్రకారుని వద్ద ఆయన కుడ్యచిత్రాల పనిలో ఉన్నారు. ఆ చిత్రాలు నేడు మిగల్లేదు. కాని లేత వెలుగులో తేలియాడే రంగులను వాడే పద్ధతి ఆయనకు అబ్బింది డొమెనికో వద్దనే అని కళాచరిత్రకారులు భావిస్తారు.

ఆ ఏడాది ఫ్లోరెన్స్ నగరం ఒక అరుదైన సమావేశానికి వేదికైంది. ఫెరారాలో 1438లో మొదలైన చర్చి మహాసభ మరుసటి ఏడాది అక్కడికి తరలివచ్చింది. కాన్‌స్టాంటినోపుల్ నుంచి బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదవ జాన్ పాలియోలొగస్, ఆయనతో పాటు గ్రీకు మతాచార్యులు తరలివచ్చారు. పొడవైన అంగీలు, ఎత్తైన వింత టోపీలు ధరించి వీధుల్లో నడిచే ఆ తూర్పు దేశపు పెద్దలను ఫ్లోరెన్స్ ప్రజలు కళ్లప్పగించి చూశారు.

రోమ్ చర్చికీ గ్రీకు చర్చికీ మధ్య శతాబ్దాలుగా ఉన్న విభేదాల్లో ముఖ్యమైనది విశ్వాస ప్రమాణంలోని ఒకే ఒక్క పదానికి సంబంధించినది. పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నదని గ్రీకుల పాఠం. తండ్రి నుంచీ కుమారుని నుంచీ అన్నది లాటిన్ పాఠం. లాటిన్‌లో ఆ అదనపు అర్థాన్ని మోసేది ఒక్క పదమే. గ్రీకు గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించి, ఇరుపక్షాల వాదాలకు వారధిగా నిలిచినవారిలో అంబ్రోజియో త్రవెర్సారి ప్రముఖుడు. ఆయన కమాల్దొలీ సన్యాసుల సంఘానికి అధిపతి. సాన్‌సెపోల్క్రోలోని ప్రధాన మఠం ఆ సంఘానిదే. పియెరో బాప్తిస్మ చిత్రం గీసింది ఆ మఠంలోని ఒక బలిపీఠం కోసమని పండితులు భావిస్తారు.

1439 జులైలో రెండు చర్చిలూ ఏకమైనట్లు ప్రకటన వెలువడింది. ఆ ఐక్యత నిలవలేదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ఒట్టోమన్ తురుష్కుల వశమైంది. అయితే ఆ సభ ఇటాలియన్ చిత్రకళపై వేసిన ముద్ర చెరగలేదు. పియెరో బాప్తిస్మ చిత్రం నేపథ్యంలో, నది వంపు దగ్గర, ఎత్తైన టోపీలతో నిలబడిన పెద్దలు ఆ ముద్రకు ఒక ఆనవాలు.

పలకపై పరచిన ప్రమాణం

పోప్లర్ చెక్క పలకపై, కోడిగుడ్డు సొనతో కలిపిన రంగులతో ఈ చిత్రాన్ని వేశారు. ఎత్తు 167 సెంటీమీటర్లు, వెడల్పు 116 సెంటీమీటర్లు. చిత్రాన్ని ఎప్పుడు గీశారన్నదానిపై పండితుల అభిప్రాయాలు 1430ల చివరి నుంచి 1450ల వరకు విస్తరించి ఉన్నాయి. ఇది ఆయన తొలి కృతుల్లో ఒకటన్నది మాత్రం ఎక్కువమంది అంగీకరించే మాట.

పలక అడుగుభాగం దాదాపు చతురస్రం. దాని నెత్తిన ఒక అర్ధవృత్తం. ఈ రెండు ఆకృతులు కలిసే చోట, అర్ధవృత్తపు కేంద్రం వద్ద, రెక్కలు చాచిన తెల్లని పావురం ఉంది. పరిశుద్ధాత్మకు అది ప్రతీక. పావురానికి సరిగ్గా దిగువన యోహాను చేతిలోని నీటి పాత్ర, దానికి దిగువన క్రీస్తు శిరస్సు, జోడించిన ఆయన చేతులు, నీటి అంచున నిలిచిన పాదాలు. ఇవన్నీ ఒకే నిలువుగీతపై వచ్చాయి. చతురస్రాన్ని భూమికీ వృత్తాన్ని ఆకాశానికీ గుర్తుగా చూసే భావన నాటి ఐరోపాకు కొత్త కాదు. ఆ రెండింటినీ కలిపే అక్షంగా క్రీస్తు దేహం నిలబడింది. దైవమూ మానవుడూ ఒక్కరిలోనే అన్న మత సిద్ధాంతాన్ని పియెరో రేఖల అమరికతోనే చెప్పారు.

ఈ అమరికలో సమబాహు త్రిభుజాన్నీ పంచభుజినీ వెదికినవారు ఉన్నారు. వాటిలో కొన్ని వాదాలు గీసినవాని ఉద్దేశం కన్నా చూసేవాని ఉత్సాహాన్నే ఎక్కువగా చూపుతాయి. చతురస్రం, అర్ధవృత్తం, మధ్యగీత మాత్రం ఏ కొలబద్దా లేకుండానే కంటికి కనిపించేవి. అవి చాలు, చిత్రంలోని నిశ్చలత ఎక్కడినుంచి వచ్చిందో గ్రహించడానికి.

క్రీస్తుకు ఎడమవైపున, అంటే చూసేవారికి కుడివైపున, బాప్తిస్మమిచ్చు యోహాను ఒక అడుగు ముందుకు వేసి చేయెత్తి నీరు పోస్తున్నారు. ఆయన వంచిన చేయి, వెనక్కి వాలిన కాలు చిత్రంలోని కొద్దిపాటి చలనానికి ఆధారాలు. ఆయన వెనుక ఒక యువకుడు చొక్కాను తల మీదుగా లాగుతూ నడుము వంచి ఉన్నాడు. బాప్తిస్మం కోసం వేచి ఉన్న తరువాతి మనిషి అతడు. ముఖం కనబడదు. అందుచేత అతడు ఎవరైనా కావచ్చు. పాత జీవితాన్ని వస్త్రంలా విడిచివేయడమన్న క్రైస్తవ భావనకు ఇంతకన్నా సహజమైన రూపం అరుదు. అతడి వెనుకనే, నదీజలంలో ప్రతిబింబిస్తున్న రంగురంగుల అంగీలతో తూర్పు దేశపు పెద్దలు. వారిలో ఒకరి చేయి ఆకాశం వైపు చూపిస్తోంది.

రెండో వైపు చెట్టు పక్కన ముగ్గురు దేవదూతలు. బాప్తిస్మ చిత్రాల్లో దేవదూతలు క్రీస్తు వస్త్రాలు పట్టుకుని వినయంగా నిలబడడం ఆనవాయితీ. పియెరో దూతల్లో ఆ హడావుడి లేదు. వారు చేతులు కలుపుకుని, ఒకరి భుజాన ఒకరు చేయి వేసి ప్రశాంతంగా ఉన్నారు. కొందరు పరిశోధకులు ఇందులో తూర్పు, పడమటి చర్చిల సయోధ్యను చూశారు. మరికొందరు చేయి కలపడాన్ని వివాహానికి సంకేతంగా భావించారు. జనవరి 6న జరిగే పండుగలో చర్చి మూడు ఘట్టాలను కలిపి స్మరిస్తుంది. తూర్పు జ్ఞానులు శిశువును దర్శించడం, యొర్దానులో బాప్తిస్మం, కానా పెళ్లిలో నీరు ద్రాక్షారసమవడం. ఆ మూడూ ఈ ఒక్క పలకపై ఉన్నాయన్నది వారి వాదం. చేతులు కలిపిన దూతలు పెళ్లికీ, నేపథ్యంలోని పెద్దలు జ్ఞానులకూ గుర్తులని వారంటారు. ఈ రెండు వ్యాఖ్యానాలూ ఒకదాన్నొకటి కాదనవలసిన పని లేదు. మఠంలోని సన్యాసులు ఒకే చిత్రంలో పలు అర్థాలు చదవడానికి అలవాటుపడినవారు.

చిత్రంలో తండ్రియైన దేవుడు కనిపించడు. మూలంలో పలకకు పైన ఆయన రూపంతో వేరొక గుండ్రని ఫలకం ఉండి ఉండవచ్చన్నది నిపుణుల ఊహ. పావురం నుంచి క్రీస్తుపైకి దిగివచ్చిన బంగారు కిరణాలు కూడా కాలక్రమేణా దాదాపుగా చెరిగిపోయాయి. ఒంటి రంగు కింద ఆనాటి చిత్రకారులు వేసే పచ్చమన్ను పూత, పై రంగులు పలుచబడటంతో అక్కడక్కడ తొంగిచూస్తోంది. బంగారం వెలిసి పోయాక చిత్రంలో మిగిలింది పగటి వెలుగు. నేటి చూపరులకు అందులో కనిపించే నిరాడంబరత కొంత పియెరోది, కొంత కాలానిది.

అక్రోటు చెట్టు, ఊరి గోపురాలు

క్రీస్తు పక్కన నిటారుగా నిలిచిన చెట్టు అక్రోటు. దాని కాండపు తెలుపు, క్రీస్తు దేహపు తెలుపు ఒకదానికొకటి బదులు పలుకుతున్నట్లు ఉంటాయి. అది ఏదో ఒక చెట్టు కాదు. సాన్‌సెపోల్క్రో ఉన్న ప్రాంతానికి పూర్వనామం అక్రోట్ల లోయ. 10వ శతాబ్దంలో అర్కానో, ఎజీదియో అనే ఇద్దరు యాత్రికులు పుణ్యభూమి నుంచి క్రీస్తు సమాధికి సంబంధించిన పవిత్ర అవశేషాలతో తిరిగివస్తూ ఈ లోయలో ఆగారనీ, వారు కట్టిన చిన్న ప్రార్థనామందిరం చుట్టూ ఊరు పెరిగిందనీ స్థలపురాణం. ఊరి పేరుకు అర్థమే పవిత్ర సమాధి. తమ ఊరు యెరూషలేముకు ప్రతిరూపమని అక్కడి జనం నమ్మేవారు.

చిత్రంలో చెట్టుకూ క్రీస్తు నడుముకూ మధ్యనున్న ఖాళీలో, దూరంగా, గోపురాలతో ఒక చిన్న పట్టణం కనిపిస్తుంది. అది సాన్‌సెపోల్క్రో అని కళాచరిత్రకారుల అభిప్రాయం. వెనుక ఉన్న గుండ్రని కొండలూ, దుమ్ము పేరుకున్న బాటలూ, వంపులు తిరిగే సన్నని వాగూ ఆ లోయవే. మఠంలో మోకరిల్లిన ఒక రైతు ఈ పలకను చూసినప్పుడు, ఎక్కడో సముద్రాల ఆవల ఏనాడో జరిగిన సంగతి ఆయనకు గుర్తుకు రాదు. ఆ ఉదయం తాను దాటి వచ్చిన వాగులో దేవుడు నిలబడి కనిపిస్తాడు. ఊరి స్థలపురాణం మాటల్లో చెప్పిన దాన్నే పియెరో కళ్లకు కట్టారు. ప్రతీకవాదమంటే దూరపు విషయాలను గుప్తంగా చెప్పడమనే అభిప్రాయానికి ఈ చిత్రం లొంగదు. ఇందులోని ప్రతీకలు దగ్గరి వస్తువులు. చెట్టు, వాగు, ఊరు, చొక్కా విప్పుతున్న మనిషి.

ఆలస్యం ఆయన స్వభావం

పియెరోను 1442లో సాన్‌సెపోల్క్రో పురపాలక మండలి సభ్యత్వానికి అర్హుల జాబితాలో చేర్చారు. అంతకు ముందు సంవత్సరమే పోప్ ఆ పట్టణాన్ని ఫ్లోరెన్స్‌కు అమ్మివేశాడు. పాలకులు మారినా ఊరి సంఘాలు చిత్రాలు కోరడం మానలేదు. 1445లో కరుణామాత సంఘం ఒక బహుఫలక చిత్రాన్ని మూడేళ్లలో పూర్తిచేయాలని ఆయనతో ఒప్పందం చేసుకుంది. అది పూర్తయ్యేసరికి పదిహేనేళ్లు దాటాయి. 1454లో సాంత్ అగోస్తీనో మఠం ఇచ్చిన ఎనిమిదేళ్ల గడువు పదిహేనేళ్లకు సాగింది.

మధ్యలో ఇతర నగరాల పిలుపులు వచ్చేవి. 1451లో రిమినీ ప్రభువు సిగిస్మోండో మలటెస్టా కోసం ఒక కుడ్యచిత్రం గీశారు. అరెత్సో పట్టణంలోని సాన్ ఫ్రాంచెస్కో ఆలయంలో 1452లో మరణించిన ఒక చిత్రకారుడు సగంలో వదిలిన పనిని అందుకుని, క్రీస్తు శిలువ గాథను గోడల నిండా చిత్రించారు. ఆయన కీర్తికి అదే ప్రధాన ఆధారం. 1459 ప్రాంతంలో రోమ్‌లో పోప్ రెండవ పయస్ కోసం వేసిన చిత్రాలు నేడు లేవు. ఉర్బీనో పాలకుడు ఫెదెరీగో ద మోంటెఫెల్ట్రో, ఆయన భార్య బత్తిస్తా స్ఫోర్జాల పక్కచూపు చిత్రాలు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్నాయి. ప్రతి ప్రయాణం తరువాతా ఆయన తిరిగి వచ్చింది తన ఊరికే. ఆ ఊరి పేరుకు తగినట్లు, సమాధి నుంచి లేచి నిలిచిన క్రీస్తును అక్కడి పురపాలక భవనం గోడపై ఆయన చిత్రించారు.

కుంచె నుంచి కలానికి

జీవిత చరమ దశలో పియెరో రాతలోనే ఎక్కువ కాలం గడిపారు. వ్యాపార గణితంపై ఒకటి, చిత్రకళలో దూరదృశ్యాన్ని చూపే పద్ధతిపై ఒకటి, అయిదు సమఘన రూపాలపై ఒకటి, మొత్తం మూడు గ్రంథాలు ఆయనవి దక్కాయి. దూరదృశ్య గ్రంథంలో చిత్రకళకు మూడు అంగాలు చెప్పారు. రూపరేఖలు గీయడం, వాటిని సరైన ప్రమాణంలో అమర్చడం, రంగులు వేయడం. ఆ గ్రంథమంతా రెండో అంగం వివరణే. బాప్తిస్మ చిత్రంలో ఆయన చేతితో చేసి చూపిన దాన్ని దశాబ్దాల తరువాత ఒక్కొక్క మెట్టుగా, ఒక్కొక్క గీతగా నేర్పే ప్రయత్నం అది.

సమఘన రూపాల గ్రంథాన్ని అదే ఊరివాడైన సన్యాసి, గణితజ్ఞుడు లూకా పచోలి ఇటాలియన్ భాషలోకి మార్చి, 1509లో వెనిస్‌లో అచ్చయిన తన పుస్తకంలో చేర్చుకున్నాడు. అసలు రచయిత పేరు మాత్రం చెప్పలేదు. ఆ తరువాత వసారి పచోలిపై గ్రంథచౌర్యం మోపారు. పియెరో జ్ఞానం చాలాకాలం మరొకరి పేరు మీద లోకంలో తిరిగింది.

ఆయన ముసలితనంలో చూపు కోల్పోయారని వసారి రాశారు. చిన్నప్పుడు ఆయన చేయి పట్టుకుని వీధుల్లో నడిపించానని చెప్పిన లాంతర్లు చేసే ఒక మనిషి జ్ఞాపకం 16వ శతాబ్దపు రాతల్లో ఉంది. కాని 1487 జులై 5న రాసిన వీలునామాలో తాను మనసుతో, శరీరంతో ఆరోగ్యంగా ఉన్నట్లు పేర్కొన్నారు. కాబట్టి చూపు మందగించింది చివరి అయిదేళ్లలోనే అయివుండాలి. ఆయనను సమాధి చేసిన కమాల్దొలీ మఠాలయమే నేడు ఊరి ప్రధాన దేవాలయం.

ఊరు దాటిన చిత్రం

పియెరో పేరు మూడు శతాబ్దాలకు పైగా పెద్దగా వినబడలేదు. 19వ శతాబ్దం మొదట్లో బాప్తిస్మ చిత్రం ఉన్న ప్రార్థనాలయం మూతబడగా, దాన్ని ప్రధాన దేవాలయానికి చేర్చారు. 1859లో ఆ చిత్రం అమ్ముడై ఇంగ్లాండ్‌కు వెళ్లింది. 1861లో లండన్ నేషనల్ గ్యాలరీ దాన్ని కొన్నది. పియెరో మేధను లోకం తిరిగి గుర్తించడం ఆ తరువాతి కథ. 1927లో ఇటాలియన్ విమర్శకుడు రొబెర్తో లోంగి ప్రచురించిన గ్రంథం అందులో పెద్ద మలుపు.

రెండో ప్రపంచయుద్ధంలో సాన్‌సెపోల్క్రోపై ఫిరంగులు పేలుస్తున్న ఒక బ్రిటిష్ అధికారికి, ఆ ఊళ్లో పియెరో గీసిన పునరుత్థాన చిత్రం గురించి రచయిత ఆల్డస్ హక్స్‌లీ రాసిన వ్యాసం గుర్తుకు వచ్చింది. ఆయన కాల్పులు ఆపించారు. పట్టణం నిలిచింది. గోడ మీది చిత్రం ఊరిని కాపాడింది.

బాప్తిస్మ చిత్రానికి మాత్రం ఆ ఊరితో బంధం తెగిపోయింది. దాని చుట్టూ అమర్చడానికి 1460లలో మత్తేయో ది జొవాన్ని అనే చిత్రకారుడు పేతురు, పౌలు తదితర పరిశుద్ధుల రూపాలతో పక్క ఫలకాలు గీశాడు. అవి సాన్‌సెపోల్క్రో పురపాలక మ్యూజియంలోనే ఉన్నాయి. వాటి మధ్యన ఉండవలసిన పియెరో పలక లేదు. లండన్‌లో దాన్ని చూసేవారికి వెనుక కనిపించే ఆ గోపురాలు ఏదో ఒక ఇటాలియన్ ఊరివి. మోకరిల్లిన రైతుకు అవి తన ఇంటి దారిలోనివి. చిత్రంలోని గీతలన్నీ ఉన్నచోటనే ఉన్నా, ఆ దగ్గరితనాన్ని మాత్రం సాన్‌సెపోల్క్రోకు వెళ్లి ఆ వాగు గట్టున నిలబడినవారే పూర్తిగా తెలుసుకోగలరు.